లిస్బన్‌లో ఆఖరి రోజు

(మా పట్టణ గ్రంథాలయం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అధ్యక్షుల వారికీ, మిత్రులకీ నమస్కారం.

యూరప్ వెళ్ళొచ్చినవాడు మైకు పట్టుకున్నాడంటే జనం ముందు గడియారం చూసుకుంటారు. ఇందాక టీ తాగుతుంటే ఒక మిత్రుడు మెల్లిగా అడిగారు కూడా, "ఇంజనీరు గారూ, ఫోటోలు ఎన్ని చూపిస్తారు?" అని. ఫోటోలు లేవండీ. ఫోన్‌లో నాలుగు వేలున్నాయి, ఒక్కటీ తేలేదు. 26 రోజుల ప్రయాణం కథ కూడా చెప్పను. ఆ 26 రోజుల్లో ఆఖరి రోజు, అదీ రాత్రి విమానం ఎక్కేలోపు పోర్చుగల్ రాజధాని లిస్బన్ ఊళ్ళో తిరిగిన ఎనిమిది తొమ్మిది గంటలు, అంతే.

2019 అక్టోబరులో నేనూ మా ఆవిడా బయల్దేరాం. మా అమ్మాయి నెదర్లాండ్స్‌లో ఉంటుంది, ప్లానంతా తనదే. రోమ్‌తో మొదలుపెట్టి ఫ్లోరెన్స్, వెనిస్, స్విట్జర్లాండ్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, చివరికి పోర్చుగల్. అరవై దాటినవాళ్ళకి ఇది కాస్త ఎక్కువే. పదో రోజు దాకా ప్రతి చర్చీ ముందూ నోరు తెరుచుకుని నిలబడ్డాం. పదిహేనో రోజుకి మా ఆవిడ "ఇది నిన్న చూసిందే కదండీ?" అనడం మొదలుపెట్టింది. ఇరవయ్యో రోజుకి నాకూ అదే అనుమానం వచ్చింది. పెళ్ళి భోజనంలో చివరికొచ్చేసరికి లడ్డూకీ బొబ్బట్టుకీ తేడా తెలియదు చూడండి, అలాగన్నమాట. వెంట తీసుకెళ్ళిన ఆవకాయ సీసా పద్దెనిమిదో రోజుకే అడుగంటింది.

ఆఖరి రోజు కోసం మా అమ్మాయి ఒక కాగితం ప్రింటు తీసి ఇచ్చింది. ఎక్సెల్ షీటు. పొద్దున్న 8 నుంచి సాయంత్రం 5:30 దాకా పద్నాలుగు చోట్లు. ఎక్కడ ఎన్ని నిమిషాలు, ఎక్కడ ట్రామ్, ఎక్కడ నడక, అన్నీ ఉన్నాయి. నేను ముప్పై ఏళ్ళు పనులకి షెడ్యూళ్ళు వేసినవాణ్ణి. అనుకున్న తేదీకి పూర్తయిన పని ఒక్కటీ నాకు గుర్తు లేదు. ఆ షీటు గతి ఏమైందో తర్వాత చెబుతాను.

ఆఖరి రోజున మనిషి ఊళ్ళో ఉంటాడు గానీ మనసు పెట్టె దగ్గర ఉంటుంది. ముందురోజు రాత్రి పెట్టెలు తూచాం. 23 కిలోలకి మించకూడదు, ఒకటి 24 చూపించింది. ఏది తీసెయ్యాలో తేలక అర్ధరాత్రి దాకా వాదన. చివరికి నా చెప్పులు వదిలెయ్యాలని తీర్పు వచ్చింది. పొద్దున్న స్నానాల గదిలోంచి మా ఆవిడ పిలిచింది. "ఏవండీ, ఇక్కడ తువాళ్ళు అని రాసి ఉందేమిటండీ?" అంటోంది. వెళ్ళి చూస్తే గోడకి చిన్న బోర్డు. రోజూ ఉతక్కపోయినా ఫరవాలేదనుకుంటే తువ్వాళ్ళు కొక్కేనికి తగిలించండి అని, పోర్చుగీసులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. పోర్చుగీసు లైనులో 'తువాల్యష్' అని ఉంది. మూడు రోజులుగా ఆ బోర్డు అక్కడే ఉంది, మాకు కనపడలేదు. ఆ మాట వాళ్ళదే. మన దగ్గరికి వచ్చి తువాలు అయింది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

గది ఖాళీ చేసి, పెట్టెలు హోటల్ వాళ్ళ సామాన్ల గదిలో పెట్టి, చీటీ తీసుకుని, తొమ్మిదింటికి రోడ్డున పడ్డాం. ఇక వెనక్కి వెళ్ళి నడుం వాల్చడానికి గది లేదు. ఒంటికి వెళ్ళాలన్నా ఎక్కడో ఒకచోట కాఫీ కొనాల్సిందే. టూరిస్టు పుస్తకాల్లో ఈ సంగతి రాయరు. మన వయసులో వాళ్ళకి మొదటి పేజీలో రాయాల్సింది ఇదే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ రోజు మేం వాస్కో డ గామా సమాధి ఉన్న బెలెం పేటకి వెళ్ళలేదు. లిస్బన్ దాకా వెళ్ళి ఆ సమాధి చూడకుండా వచ్చారా అని ఇప్పటికీ దెప్పేవాళ్ళున్నారు. గామా 1524లో మన కొచ్చిలోనే పోయాడు. అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పాతిపెట్టి, 1539లో పోర్చుగల్ తీసుకుపోయారు. కొచ్చిలో ఆ ఖాళీ సమాధిని ఎల్‌టీసీ మీద, అంటే ఆఫీసు వాళ్ళిచ్చే ప్రయాణ రాయితీ మీద, వెళ్ళినప్పుడు చూశాను. ఖాళీది చూశాక నిండుది చూడకపోతే కొంపలేమీ మునగవు. పైగా 1502లో మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని ఆడవాళ్ళూ పిల్లలతో సహా తగలబెట్టించిన మనిషి. ఆయన కోసం క్యూలో నిలబడే ఓపిక నాకు లేదు.

నేను చూడాలనుకున్నది వేరు. మీలో చాలామందికి తెలుసు, నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరైన సివిల్ ఇంజనీర్ని. ముందురోజు బస్సులో పోతుంటే రోడ్డుకి అడ్డంగా ఆకాశంలో రాతి కమానుల వరస ఒకటి కనబడింది. ఆగ్వాష్ లివ్రెష్ అక్విడక్టు. ఊరికి మంచినీళ్ళు మోసుకొచ్చిన కాలవ. అల్కాంతరా లోయ దాటేచోట 35 కమానులు, వాటిలో పెద్దదాని ఎత్తు 65 మీటర్లు. అంటే ఇరవై అంతస్తుల మేడ, అదీ రాయి మీద రాయి పేర్చి. 1748లో ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయి. ఏడేళ్ళు తిరిగేసరికి ఊరిని కూల్చేసిన భూకంపం వచ్చింది. అక్విడక్టు నిలబడింది. అది చూసినప్పటి నుంచీ నాకు ఒకటే యావ పట్టుకుంది. కూలిన ఊరిని మళ్ళీ ఎలా కట్టారు? ఆఖరి రోజు అదే చూస్తాను, ఇంకేమీ వద్దన్నాను. "మీరు రాళ్ళు చూసుకోండి, నేను ట్రామ్ ఎక్కుతాను" అంది మా ఆవిడ. రాజీ కుదిరింది. ముందు ట్రామ్, తర్వాత రాళ్ళు.

ట్రామ్ అంటే 28 నంబరు. పసుప్పచ్చ బండి, ఒకటే పెట్టె, లోపలంతా చెక్క. 1930ల నాటి బళ్ళనే బాగుచేసుకుంటూ నడుపుతున్నారు. కొండ సందుల్లో ఎంత ఇరుగ్గా పోతుందంటే కిటికీలోంచి చెయ్యి చాపితే ఎవరింటి గోడో తగులుతుంది. మలుపు తిరిగినప్పుడల్లా కీచుమంటుంది. నిలబడే చోటు మాత్రమే దొరికింది. దిగాక చూసుకుంటే మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు తెరిచి ఉంది. గుండె జారిపోయింది. పాస్‌పోర్టులూ డబ్బూ నా లోపలి జేబులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పోయింది ఒక చిన్న సంచి. అందులో ఉన్నవి ఎండు ఉసిరి ముక్కలూ, వామూ, తలనొప్పి బామ్ డబ్బా. మా ఆవిడ కాసేపు ఆ దొంగని తిట్టిపోసి, తర్వాత తనకే నవ్వొచ్చి, "ఆ ఉసిరి ముక్కలు ఏం చేసుకోవాలో వాడికెవరు చెబుతారండీ, పాపం" అంది. (నవ్వులు)

దిగింది సాంతా లూజియా దగ్గర. కొండ అంచున అరుగు లాంటి చోటు. కింద అల్ఫామా పేట, ఎర్ర పెంకుల కప్పులు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. వాటి అవతల తేజో నది. పక్కన ఒక చిన్న చర్చి, దాని బయటి గోడ మీద నీలం రంగు పలకలతో కూర్చిన బొమ్మ. ఆ పలకల్ని అజులేజు అంటారు. బొమ్మలో నది ఒడ్డున పెద్ద మైదానం, పొడుగాటి రాజభవనం. భూకంపానికి ముందు ఆ రేవు అలా ఉండేదట. మా ఆవిడ పలకల అతుకులు చూస్తోంది, నేను అందులో లేకుండా పోయిన భవనాన్ని చూస్తున్నాను. అల్ఫామా రాతి నేల మీద ఉంది కాబట్టి చాలా మటుకు నిలిచింది. దిగువన ఒండ్రు నేల మీద ఉన్న పేట కూలింది. అక్కడికే దిగుతున్నాం.

1755 నవంబరు 1. సకల పునీతుల పండగ. పొద్దున్న తొమ్మిదిన్నర దాటింది, జనమంతా చర్చిల్లో ఉన్నారు, ప్రతి పీఠం మీదా కొవ్వొత్తులు. కొన్ని నిమిషాల పాటు భూమి ఊగింది. కప్పులు జనం మీదే పడ్డాయి. బయటపడ్డవాళ్ళు, గోడలు లేని చోటు కదా అని, నది ఒడ్డుకి పరిగెత్తారు. ముప్పావు గంట అయ్యేసరికి నదిలోంచి సముద్రం వచ్చింది. 2004 డిసెంబరు చూసిన మనకి సునామీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇటు కొవ్వొత్తులూ వంట పొయ్యిలూ అంటుకుని మంటలు రోజుల తరబడి ఆరలేదు. రాజభవనం పోయింది. అందులో ఉన్న 70 వేల పుస్తకాలు పోయాయి. అక్కడే కాసా ద ఇండియా అని, మన దేశం నుంచి వెళ్ళిన సరుకుకి, మిరియాలకీ దాల్చినచెక్కకీ లెక్కలు రాసే ఆఫీసు ఉండేది. అదీ పోయింది. ఆ వసంతకాలంలోనే తెరిచిన ఒపేరా హాలు, ఏడాది కూడా నిండలేదు, అదీ పోయింది. రాజు జొజే ఆ పూట ఊళ్ళో లేడు కాబట్టి బతికాడు. బతికాడు గానీ, ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ రాతి కట్టడంలో కాపురం ఉండనన్నాడు. కొండ మీద గుడారాలూ చెక్క ఇళ్ళూ వేయించుకుని అక్కడే ఉండిపోయాడు.

ఊరిని మళ్ళీ కట్టించిన పేరంతా రాజు గారి మంత్రికి వచ్చింది. తర్వాత పొంబాల్ ప్రభువు అని పిలిచింది ఆయన్నే. ఊరి మధ్యలో పెద్ద స్తంభం మీద, సింహంతో సహా ఆయన విగ్రహం ఉంటుంది. మంత్రుల గొప్పతనాన్ని తక్కువ చేసి మాట్లాడే అలవాటు నాకు సర్వీసులో ఉండగా లేదు, ఇప్పుడు కొత్తగా ఎందుకు. కానీ నా మనసుకి పట్టింది ఇంకొకాయన. మనుయెల్ ద మాయా. ఆ రాజ్యానికి చీఫ్ ఇంజనీరు. 1677లో పుట్టాడు, అంటే భూకంపం నాటికి 78 ఏళ్ళు. నన్ను 58కే దండ వేసి ఇంటికి పంపారు. ఆయన ఆ అక్విడక్టు పనిలోనూ ఉన్నాడు, రాజ్యపు దస్తావేజుల భాండాగారానికి అధికారీ ఆయనే. ఊరు తగలబడుతుంటే ఆ కాగితాలన్నీ బయటికి తీయించి ఒక చెక్క పాకలోకి చేర్పించాడు. నెల మీద మూడు రోజులకి, డిసెంబరు 4న, ఊరిని మళ్ళీ ఎలా కట్టాలో రిపోర్టు మొదటి భాగం ఇచ్చాడు.

ఆ రిపోర్టులో నాకు నచ్చిందేమిటంటే, ఇదొక్కటే దారి అని పట్టుబట్టలేదు. ఉన్నది ఉన్నట్టు కట్టడం, వీధులు వెడల్పు చేసి కట్టడం, మొత్తం చదును చేసి కొత్తగా గీయడం, అసలు ఊరినే బెలెం వైపు తరలించడం, ఇలా దారులన్నీ వరసగా పెట్టి దేంతో ఏ ఇబ్బందో రాశాడు. మా ఆఫీసుల్లో ఆల్టర్నేటివ్స్ అని ఒక పేరా ఉంటుంది. పైవాడికి ఏది కావాలో ముందే కనుక్కుని, మిగతావి పనికిరావని తేల్చడానికి రాసే పేరా అది. ఈయన నిజంగానే రాశాడు. చివరికి చదును చేసి కొత్తగా గీయడమే ఖాయమైంది.

ఆ గీసిన ఊరే బైషా. కాలవ పక్కన లేఅవుటు వేసినట్టు తిన్నని వీధులు, అడ్డవీధులు. ఒక్కో వృత్తికి ఒక్కో వీధి. బంగారం పనివాళ్ళకొకటి, వెండికొకటి, చెప్పులు కుట్టేవాళ్ళకొకటి, గుర్రపు జీన్లు చేసేవాళ్ళకొకటి, బట్టల వర్తకులకొకటి. మన పాత ఊళ్ళలో కంసాలి వీధి, కుమ్మరి వీధి లేవూ? ఇప్పుడు ఆ వీధుల్లో చెప్పులు కుట్టేవాళ్ళెవరూ లేరు, టూరిస్టులకి ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతాలు అమ్ముతున్నారు. పేర్లు మాత్రం మిగిలాయి.

జీన్లు చేసేవాళ్ళ వీధిలో, కురియైరుష్ వీధి అంటారు, ఒక బ్యాంకు భవనం అడుగున తవ్వకాల్లో బయటపడ్డవి చూపిస్తారు. పది పదిహేను మందిని ఒక జట్టుగా తీసుకెళ్ళారు. అడుగున రోమన్ల కాలపు తొట్లు ఉన్నాయి, చేపలు ఉప్పేసి ఊరబెట్టుకునేవి. మా ఆవిడ ముక్కు మూసుకుంది, రెండు వేల ఏళ్ళ నాటి వాసన వస్తుందేమోనని. దాని పైన నేను వెతుకుతున్నది కనబడింది. పైన్ దుంగలు. ఒండ్రు నేలలోకి దుంగల్ని వరసలుగా దిగ్గొట్టి, వాటి తలల మీద చెక్క పట్టీలు పరిచి, ఆ పైన రాతి పునాది. ఒక కుర్రాడు అడిగాడు, ఇన్నేళ్ళు చెక్క పుచ్చిపోదా అని. గైడు అమ్మాయి చెప్పేలోపు నేనే అందుకున్నాను. చెక్క ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటే పుచ్చదు బాబూ, ఒకసారి తడిసి ఒకసారి ఆరుతుంటేనే పుచ్చుతుంది. మన పాత నూతుల అడుగున చెక్క చట్రం వేసి దాని మీద ఒర కట్టేవారు, అది ఇప్పటికీ గట్టిగానే ఉంటుంది. ఇదంతా నా ఇంగ్లీషులో చెప్పాను. ఆ అమ్మాయి నవ్వి, ఇక మిగతా టూరు మీరే చెప్పండి అంది.

పునాది అలా ఉంటే, పైన ఇల్లు లోపల పంజరం. వాళ్ళ మాట గైయోలా, అర్థం పంజరమే. ఇంటి లోపలి గోడలన్నిటికీ ముందు చెక్క చట్రం నిలబెడతారు. నిలువు, అడ్డం, మధ్యలో గుణకారం గుర్తులా ఏటవాలు కొయ్యలు. ఆ ఖాళీల్లో రాయి, ఇటుక, సున్నం నింపి పైన పూత పూసేస్తారు. బయటికి మామూలు గోడే. భూమి ఊగినప్పుడు రాయి రాలిపోయినా పంజరం సాగి, ఊగి, మళ్ళీ నిలబడుతుంది. నమూనా కట్టి దాని చుట్టూ సైనికుల్ని కవాతు చేయించి కదిలించి చూశారని చెబుతారు. కశ్మీర్‌లో ధజ్జీ దివారీ అని కడతారే, అదీ ఈ కిటుకే. 1993లో లాతూరులో మనుషుల్ని చంపింది భూకంపమా అంటే సగమే నిజం. మట్టి పెట్టి పేర్చిన రెండడుగుల మందం రాతి గోడలు, వాటిని పట్టి ఉంచే కట్టు ఏదీ లేక, నిద్రపోతున్నవాళ్ళ మీద పడ్డాయి. ఇంకొక్క సంగతి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడని కప్పు కంటే పైకి లేపారు, ఒక ఇల్లు అంటుకుంటే మంట పక్కింటి మీదికి దూకకుండా. బైషాలో తలెత్తి చూస్తే ఇప్పటికీ కనబడతాయి. తలెత్తి చూసేవాడు ఆ వీధిలో నేనొక్కణ్ణే. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని గుడ్డివాణ్ణి నడిపించినట్టు నడిపించింది.

ఇక అసలు విషయానికొస్తాను.

రోసియో మైదానం వైపు వస్తున్నాం. అక్కడ నేలంతా తెల్లరాయీ నల్లరాయీ కలిపి అలల్లా పరిచి ఉంటుంది. నేల సమంగానే ఉన్నా కళ్ళకి ఊగినట్టుంటుంది. 19వ శతాబ్దం మధ్యలో వేసిన నమూనా అది. లిస్బన్ పేవ్‌మెంట్లు చాలా మటుకు ఇలా చేత్తో పరిచిన రాళ్ళే, కల్సాడా అంటారు. ఒక పక్క వీధిలో ఆ పేవ్‌మెంటుకి మరమ్మతు జరుగుతోంది. ఏదో పైపు కోసం తవ్వి పూడ్చినట్టున్నారు. ఇద్దరు మనుషులు. ఒకాయనకి నా వయసే ఉంటుంది, ఇంకొకడు పాతికేళ్ళ కుర్రాడు. పెద్దాయన జానెడు ఎత్తు పీట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన రాళ్ళ కుప్ప.

నేను ఆగిపోయాను. షీటు ప్రకారం మేము ఆ సమయానికి సాంతా జుష్తా లిఫ్టు క్యూలో ఉండాలి. 1902 నాటి ఇనుప లిఫ్టు, 45 మీటర్లు, చూడదగ్గదే. ఎదురుగా ఉన్న మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆయన ఎడమ అరచేతిలో రాయి పెట్టుకుంటాడు. నేల మీద పెట్టడు, బండ మీద పెట్టడు, అరచేతిలోనే. కుడిచేత్తో చిన్న సుత్తి. రాయిని ఒకసారి తిప్పి చూస్తాడు. టక్, టక్. రెండు దెబ్బలు, మహా అయితే మూడు. పెచ్చు ఊడి కింద పడుతుంది. ఇసుకలో సుత్తి మొనతో కాస్త గీరి, రాయిని కూర్చోబెట్టి, పైన ఒక్క దెబ్బ. అంతే. పక్క రాయికీ దానికీ మధ్య గోరు పట్టదు. దారం కట్టలేదు, రసమట్టం పెట్టలేదు. కుర్రాడు వెనకాల బరువైన దిమ్మిసతో దిమ్మిస కొట్టుకుంటూ వస్తున్నాడు. కొలిచిందంతా పెద్దాయన చెయ్యే. పది నిమిషాల్లో ఎన్ని రాళ్ళని లెక్కపెట్టడం మొదలుపెట్టి మర్చిపోయాను.

నా సర్వీసులో మొదటి పని ఒక కాలవ గట్టుకి రాతి రివిట్‌మెంట్, అంటే గట్టు కోసుకుపోకుండా రాళ్ళు పరచడం. చదువుకుని అప్పుడే వచ్చిన కుర్ర ఇంజనీర్ని, డ్రాయింగు పట్టుకుని నిలబడ్డాను. అక్కడ ఒక మేస్త్రీ ఉండేవాడు. నా డ్రాయింగు చూడలేదు. ఒక రాయి తీసుకుని నాలుగు వైపులా తిప్పి, "బాబూ, దీని మొహం ఇటుంది" అని ఆ వైపు పెట్టాడు. అది కూర్చుంది. ఆరు నెలలు ఆయన వెనకాల తిరిగాకే రాయికి మొహం ఉంటుందని నాకు కనపడడం మొదలైంది. పేరు మాత్రం బోర్డు మీద మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారిదే వేశారు.

నేను ఇవన్నీ తలుచుకుంటూ కూర్చుంటే, కుర్రాడికి ఏదో సందేహం వచ్చి పెద్దాయన్ని పిలిచాడు. "ఓ మెష్త్రె!" అన్నాడు.

ఉలిక్కిపడ్డాను. మా ఆవిడా విని, "మేస్త్రీ అన్నాడండీ!" అంది. తువాలు గుర్తుందిగా? ఇదీ అంతే. పోర్చుగీసులో మెష్త్రె అంటే గురువు, పని బాగా తెలిసినవాడు. ఆ మాట ఓడల మీద మన తీరానికి వచ్చి మేస్త్రీ అయింది. బొత్తాం వాళ్ళదే, అలమారా వాళ్ళదే, అనాస వాళ్ళ నోటి నుంచి వచ్చిందే. బడిలో ఇవన్నీ అన్యదేశ్యాలని ఒక్క మార్కు కోసం బట్టీ పట్టాను. వాటిలో ఒకదాన్ని ఒక మనిషి ఇంకో మనిషిని పిలవడానికి వాడుతుంటే వినడం మాత్రం అదే మొదలు.

లేచి వెళ్ళాను. నాకు పోర్చుగీసు రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు. నన్ను చూపించుకుని "ఇండియా, ఇంజనీర్" అన్నాను. ఆయన్ని చూపించి "మేస్త్రీ" అన్నాను, మన యాసలోనే. ఆయనకి అర్థమైంది. పెద్దగా నవ్వాడు. నా చేతులు పట్టుకుని అరచేతులు తిప్పి చూశాడు. ఇంజనీరు చేతులు ఎలా ఉంటాయో మీకు తెలుసు, సంతకాలు పెట్టిన చేతులు. ఏమనుకున్నాడో గానీ, చెక్కిన తెల్లరాయి ఒకటి తీసి నా చేతిలో పెట్టి వేళ్ళు మూసేశాడు. అరగంట గడిచిపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు, అదీ విశేషమే.

మధ్యాహ్నం భోజనానికి ఒక చిన్న హోటల్లో అన్నం, చిక్కుడుగింజల కూర, సలాడ్ దొరికాయి. బల్ల మీద పిరిపిరి సీసా, ఎర్ర మిరపకాయల కారం నూనెలో కలిపింది. వారం రోజులుగా ఆవకాయ లేని నాలిక కదా, సగం సీసా ఖాళీ చేశాం. వడ్డించే ఆవిడ నీళ్ళ జగ్గు పట్టుకుని పక్కనే నిలబడింది, మాకేమైనా అవుతుందేమోనని. ఆవిడకి చెప్పే భాష లేకపోయింది గానీ, ఆ కాయని అమెరికా ఖండం నుంచి మన దేశానికి చేర్చింది వాళ్ళ ఓడలే. వాళ్ళు వచ్చింది మన మిరియాల కోసం, ఇచ్చింది మిరపకాయ. మనం దాని పేరు కూడా మిరియానికి దగ్గరగానే పెట్టుకున్నాం. గుంటూరు మిర్చి యార్డు పక్కన వాస్కో డ గామా విగ్రహం పెట్టమని నేను అనడం లేదు. (నవ్వులు)

తర్వాత కార్మో మఠం. ఎత్తు మీద ఉంటుంది. లిఫ్టు క్యూ చూసి దండం పెట్టేసి, బైషా షియాదు మెట్రో స్టేషను లోపలి ఎస్కలేటర్లెక్కి పైకి వెళ్ళాం. క్యూ లేదు, మోకాళ్ళు బతికాయి. మోకాళ్ళున్నవాళ్ళందరూ ఈ ఒక్క ముక్క రాసుకోండి. మఠం చర్చికి భూకంపంలో కప్పు పడిపోయింది, మళ్ళీ వేయలేదు. కమానులు మాత్రం చేప ముల్లులా ఆకాశానికి అడ్డంగా నిలబడి ఉన్నాయి. కింద గడ్డి. 26 రోజుల్లో చూసిన చర్చిలన్నీ నాకు కలిసిపోయాయి గానీ ఇది మాత్రం కలవలేదు.

బయటికొస్తుంటే వీధి మూల పొగ. బండి మీద చెస్ట్‌నట్లు కాలుస్తున్నారు, మన ముంతకింద పప్పు బండి లాగే. అక్టోబరు ఆఖరుకి అక్కడ వాటి కాలం. ఉప్పు చల్లి కాలిస్తే పెంకు మీద బూడిద పట్టినట్టు తెల్లగా అవుతుంది. డజను కొన్నాం. లోపల పప్పు కాల్చిన చిలగడదుంపలా ఉంటుంది. పెంకులు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. జేబులోంచి మా అమ్మాయి ఎక్సెల్ షీటు తీసి పొట్లం కట్టాం. పద్నాలుగింటిలో మేం చూసినవి నాలుగు.

సాయంత్రం నాలుగింటికి నది ఒడ్డుకి చేరాం. ఒకప్పుడు ఆ రాజభవనం ఉన్న చోటే, ఇప్పుడు పెద్ద మైదానం. చివర కాయిష్ దష్ కొలూనష్ అని రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య నుంచి నీళ్ళలోకి దిగే పాలరాతి మెట్లు. మన నదుల దగ్గర స్నానఘట్టం లాంటిదన్నమాట. సముద్రం దగ్గర కాబట్టి నదికి ఆటుపోట్లుంటాయి. మేం కూర్చున్నప్పుడు కింది మెట్టు కనబడుతోంది, లేచేసరికి మూడు మెట్లు మునిగాయి. మా ఆవిడ గోదావరికి చేసినట్టే నీళ్ళు తీసి నెత్తిన చల్లుకుంది, నా నెత్తిన కూడా. పక్కన గిటారు వాయిస్తున్న కుర్రాడు మాకేసి చూసి, తనూ వంగి చల్లుకున్నాడు.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. పెట్టెలు తీసుకున్నాం, మెట్రో ఎక్కాం. లిస్బన్ ఎయిర్‌పోర్టు ఊరిని అంటిపెట్టుకునే ఉంటుంది, మెట్రో లోపలి దాకా పోతుంది. చెకిన్‌లో పెట్టె సరిగ్గా 23 కిలోలు తూగింది. ఎందుకంటే రాయి పెట్టెలో లేదు, నా కోటు జేబులో ఉంది. సెక్యూరిటీలో కోటు తీసి ట్రేలో పెడితే తెర మీద నల్లటి ముద్ద కనబడింది. యంత్రం ఆగింది. ఒకావిడ జేబులోంచి రాయి తీసి, అటూ ఇటూ తిప్పి, ఏమిటిది అన్నట్టు చూసింది. నాకు ఇంగ్లీషు తట్టలేదు. "మెష్త్రె" అన్నాను, సుత్తితో కొడుతున్నట్టు చేత్తో చూపించి. ఆవిడ పక్క లైనులో ఉన్నాయన్ని పిలిచింది. ఆయన రాయి చూశాడు, నా బూట్లు చూశాడు, నన్ను చూశాడు. "కల్సాడా" అన్నాడు. ఇద్దరూ నవ్వి, రాయి ట్రేలో పెట్టి పంపించేశారు.

ఇదిగోండి, తెచ్చాను. సున్నపురాయి. ఒక పక్క నున్నగా ఉంటుంది, అది మొహం. మిగతా వైపుల సుత్తి దెబ్బలు లెక్కపెట్టండి, నాకు ఏడు వచ్చాయి, మా ఆవిడకి ఆరు. ముందు వరసలోంచి మొదలుపెట్టి అందరూ చేతిలోకి తీసుకుని చూడండి. మళ్ళీ ఇటే రావాలి, ఇంటికెళ్ళాక నేను లెక్క చెప్పుకోవాలి.